ట్యూన్ చేసిన టర్బో కారుకు ఏ పెట్రోలు? హైదరాబాద్ బంకుల్లో 95, 97, 100 ఆక్టేన్ మధ్య ఎంపిక

కారును రీమ్యాప్ చేయించాలనుకునే, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని సెట్టింగులను (మ్యాప్‌ను) మార్పించాలనుకునే యజమాని, ఆ పని చేసే ట్యూనర్‌ను మొదట అడిగేది ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుందని. దానికి జవాబు చెప్పేముందు ట్యూనర్ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: రోజూ ఏ బంకులో, ఏ పెట్రోలు పోయిస్తారు? ఈ ప్రశ్న అడగని ట్యూనర్ దగ్గర మ్యాప్ వేయించుకోకపోవడమే మేలు. ఇంజిన్‌లో ఇగ్నిషన్ (స్పార్క్ పడే సమయం) ఎంత ముందుకు జరపవచ్చు, టర్బో బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నొక్కి పంపే గాలి పీడనం) ఎంత పెంచవచ్చు అన్న రెండు నిర్ణయాలూ చివరికి ఆ పెట్రోలు నాకింగ్‌ను, అంటే సిలిండరులో తనంతట తాను అంటుకోవడాన్ని, ఎంతవరకు తట్టుకుంటుందన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి. అందువల్ల ముందు పెట్రోలును నిర్ణయించుకొని, దానికి తగిన మ్యాప్‌ను తర్వాత ఎంచుకోవాలన్నది నా సలహా. మ్యాప్ వేయించుకొని ఆ తర్వాత పెట్రోలు కోసం ఊరంతా వెతకడం హైదరాబాద్ వంటి నగరంలోనూ కష్టమే. నగరం దాటితే దాదాపు అసాధ్యం.

ఇక్కడ చెప్పేదంతా పోలో, వర్టస్, టైగున్, స్లావియా, కుశాక్, ఐ20 ఎన్ లైన్, సెల్టోస్, నెక్సాన్, ఆక్టేవియా వంటి టర్బో పెట్రోలు కార్లకు, అందులోనూ కంపెనీ ఇచ్చిన మ్యాప్‌ను మార్చిన వాటికి వర్తిస్తుంది. మార్పులేమీ చేయని కారుకు ట్యాంకు మూత లోపలి స్టిక్కరు మీదా యజమాని పుస్తకంలోనూ రాసిన సంఖ్యే ప్రమాణం. దాని కోసం ఇంత ఆలోచన అక్కర్లేదు.

ఆక్టేన్ సంఖ్య దేన్ని కొలుస్తుంది

ఆక్టేన్ ఎక్కువగా ఉంటే పెట్రోలులో శక్తి ఎక్కువగా ఉంటుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. ఆ సంఖ్య చెప్పేది ఒక్కటే: స్పార్క్ వల్ల కాకుండా కేవలం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను అంటుకోకుండా ఆ పెట్రోలు ఎంతవరకు నిలబడగలదు. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకొని, ఒకే సిలిండరు ఉన్న పరీక్ష ఇంజిన్‌లో ఆ రెండింటి మిశ్రమంతో పోల్చి ఈ సంఖ్యను నిర్ణయిస్తారు. నిమిషానికి 600 చుట్ల వేగంతో చేసే పరీక్షలో వచ్చేది రీసెర్చ్ ఆక్టేన్ నంబర్, అంటే ఆర్‌ఓఎన్. 900 చుట్ల దగ్గర, మరింత వేడి మిశ్రమంతో చేసే కఠినమైన పరీక్షలో వచ్చేది మోటార్ ఆక్టేన్ నంబర్, అంటే ఎంఓఎన్. ఒకే పెట్రోలుకు మొదటిది రెండోదాని కన్నా ఎక్కువగా ఉంటుంది. మన దేశంలో బంకు మీద కనిపించే 95, 97, 100 అన్నీ ఆర్‌ఓఎన్ సంఖ్యలే.

ఈ వివరం దగ్గరే విదేశీ మ్యాప్ కొనేవారు ఎక్కువగా దెబ్బతింటారు. అమెరికాలో బంకు మీద రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్‌ల సగటు. దాన్ని ఏకేఐ అంటారు. అక్కడి 91 మన లెక్కలో సుమారు 95 నుంచి 96 అవుతుంది, అక్కడి 93 మన 97, 98కు దగ్గరగా ఉంటుంది. అమెరికా కంపెనీ తయారుచేసిన రెడీమేడ్ ఫైలు మీద ‘91’ అని చూసి, మన సాధారణ పెట్రోలుకు కూడా బీఎస్-6 ప్రమాణం ప్రకారం కనీసం 91 ఉంటుంది కదా అని ధైర్యంగా వేయించుకున్న కారు, నిజానికి నాలుగైదు సంఖ్యలు తక్కువ పెట్రోలుతో నడిచే ప్రమాదం ఉంది. ఫైలు కొనేముందు ఆ సంఖ్య ఏ పద్ధతిలోనిదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

టర్బోకు, ఎండకు మధ్య ఉన్న లెక్క

స్పార్క్ పడ్డాక మంట సిలిండరు మధ్య నుంచి అంచులకు పాకుతుంది. ఆ మంట ఇంకా చేరని చివరి మిశ్రమం, పెరిగే ఒత్తిడికి నలిగి, వేడెక్కి, మంట రాకముందే ఒక్కసారిగా అంటుకుంటే దాన్నే నాకింగ్ అంటాం. తేలికగా ఉన్నప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు చప్పుడు వస్తుంది. తీవ్రమైతే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడం, పిస్టన్ అంచు కరగడం వరకు వెళ్తుంది. ఇప్పటి కార్లలో సౌండ్ ఇన్సులేషన్, మ్యూజిక్ సిస్టమ్ కలిసి ఆ చప్పుడును మన చెవిదాకా రానివ్వవు కాబట్టి, వినిపించలేదు కనుక నాకింగ్ లేదనుకోవడం ప్రమాదకరం.

టర్బో ఈ సమస్యను ఎందుకు పెంచుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు పీడనానికి నొక్కిందనుకుందాం. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైతే, ఇంటర్‌కూలర్‌కు చేరేసరికి ఆ గాలి 135 డిగ్రీలు దాటుతుంది. అదే జనవరి సాయంత్రం 25 డిగ్రీల గాలి అయితే 120 దగ్గర ఆగుతుంది. బయటి తేడా 15 డిగ్రీలే అయినా లోపలికి వచ్చేసరికి అది దాదాపు 20 డిగ్రీలవుతుంది. పైగా మే నెలలో ఆ వేడి గాలిని చల్లబరచవలసిన ఇంటర్‌కూలర్ మీద వీచేదీ వేడి గాలే. మాదాపూర్, గచ్చిబౌలి సిగ్నళ్ల దగ్గర నిమిషాల తరబడి నిలబడి, దారి దొరికిన వెంటనే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే వాహనంలో ఇంటర్‌కూలర్ అప్పటికే వేడితో నిండి ఉంటుంది. కాబట్టి ట్యూనర్ జనవరి ఉదయం డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద చూపించిన అంకెలను చూసి మే నెలకు భరోసా తీసుకోకూడదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉండడం వల్ల ఇక్కడి వాతావరణ పీడనం తీర ప్రాంతం కన్నా కొద్దిగా తక్కువ. మ్యాప్ అడిగిన అదే పీడనాన్ని ఇవ్వడానికి టర్బో మరికొంచెం ఎక్కువ తిరగాలి. ఈ ప్రభావం చిన్నదే గానీ, చెన్నైలోనో ముంబైలోనో పరీక్షించిన ఫైలును ఇక్కడ వాడేటప్పుడు గుర్తుంచుకోదగినది.

నాక్ సెన్సార్ ఈ శబ్దాన్ని పసిగట్టగానే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ సిలిండరులో ఇగ్నిషన్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. ఇంజిన్ బతుకుతుంది, కానీ మీరు డబ్బు పెట్టి కొన్న శక్తి పోతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నడిచే దూకుడు మ్యాప్ చాలాసార్లు, మంచి పెట్రోలుతో నడిచే మితమైన మ్యాప్ కన్నా నెమ్మదిగా ఉండడానికి కారణం ఇదే. దీనికి మరో వైపు కూడా ఉంది. 95 కోసం రాసిన మ్యాప్‌లో 100 పోస్తే, ఇగ్నిషన్‌ను ముందుకు జరపడానికి ఆ మ్యాప్‌లో అవకాశం లేకపోతే అదనపు శక్తి రాదు. వేసవిలో కొంత భద్రత దొరుకుతుంది, అంతే. ఆ భద్రతకు ఎంత చెల్లించాలన్నది తర్వాత చూద్దాం.

బంకులో దొరికేవి

సాధారణ పెట్రోలు ఇప్పుడు ఈ20, అంటే 20 శాతం ఎథనాల్ కలిపినది. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95, హిందుస్థాన్ పెట్రోలియం పవర్95 వంటివి 95 శ్రేణికి చెందినవి. భారత్ పెట్రోలియం స్పీడ్97 దానికి ఒక మెట్టు పైన, హిందుస్థాన్ పెట్రోలియం పవర్99 ఇంకొంచెం పైన ఉంటాయి. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ విడుదల చేసిన ఎక్స్‌పీ100తో మన దేశంలో 100 ఆక్టేన్ పెట్రోలు అమ్మకం మొదలైంది. ఈ పేర్లు, శ్రేణులు మారుతుంటాయి కాబట్టి పేరును కాక డిస్పెన్సర్ మీది సంఖ్యను చూడాలి. సంఖ్య లేకుండా కేవలం ఆకర్షణీయమైన పేరుతో, రెండు మూడు రూపాయలు ఎక్కువకు అమ్మే పెట్రోలులో అదనంగా ఉండేది సాధారణంగా శుభ్రపరిచే రసాయనమే తప్ప ఎక్కువ ఆక్టేన్ కాదు. ఆ రసాయనం ఇంజెక్టర్లకు మంచిదే. అయితే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండరులోకి వెళ్తుంది కనుక, ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకునే కార్బన్‌ను అది కడగలేదు.

నగరంలో 95 దాదాపు ప్రతి ప్రాంతంలో దొరుకుతుంది. 97, 99లకు ఎంచుకున్న బంకులకు వెళ్లాలి. 100 ఇంకా తక్కువ చోట్ల ఉంటుంది, ఉన్న చోట కూడా కొన్నిసార్లు స్టాకు ఉండదు. నా దృష్టిలో ధర కన్నా ఈ లభ్యతే ముఖ్యమైన ప్రమాణం. ఇంటికీ ఆఫీసుకూ మధ్య దారిలో ఆ పెట్రోలు అమ్మే బంకులు కనీసం రెండు లేకపోతే ఆ పెట్రోలు కోసం మ్యాప్ వేయించుకోవద్దు.

ఎథనాల్: సగం శత్రువు, సగం మిత్రుడు

ఈ20 గురించి కార్ల యజమానుల్లో ఉన్న కోపంలో కొంత న్యాయం ఉంది. పెట్రోలుతో పోలిస్తే ఎథనాల్‌లో లీటరుకు శక్తి మూడింట రెండు వంతులే కాబట్టి, ఎథనాల్ అసలే లేని పెట్రోలు కన్నా ఈ20లో శక్తి లెక్క ప్రకారం ఆరేడు శాతం తక్కువ. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో గొట్టాలు, సీళ్లు, పంపు భాగాలు ఈ20ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కాకపోవచ్చు. మన దేశంలో ట్యూనింగ్ ప్రియులకు అత్యంత ఇష్టమైన పోలో తయారీ 2022లోనే ఆగిపోయింది. అంటే రోడ్డు మీదున్న ప్రతి పోలో ఈ గడువుకు ముందుదే. యజమాని పుస్తకంలో ఎంత శాతం ఎథనాల్ వరకు అనుమతి ఉందో చూసుకోవడం మొదటి పని.

నాకింగ్ విషయానికి వస్తే మాత్రం కథ తిరగబడుతుంది. ఎథనాల్ ఆర్‌ఓఎన్ 108 దగ్గర ఉంటుంది. ఆవిరయ్యేటప్పుడు అది, బరువు ప్రకారం చూస్తే, పెట్రోలు కన్నా దాదాపు రెండున్నర రెట్లు వేడిని పీల్చుకుంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న టీఎస్ఐ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా), టీ-జీడీఐ (హ్యుందాయ్, కియా) ఇంజిన్లలో ఈ ఆవిరయ్యే పని సిలిండరు లోపలే జరుగుతుంది కాబట్టి, ఆ చల్లదనం నేరుగా మిశ్రమానికే దక్కుతుంది. పెట్రోలు సిలిండరు బయటే గాలిలో కలిసే పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకు ఈ లాభం కొంతే దక్కుతుంది. ఈ20 వల్ల దేశంలోని సాధారణ పెట్రోలు ఆర్‌ఓఎన్ 91 నుంచి 95కు పెరిగిందని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. దీన్ని బట్టి చూస్తే సాధారణ పెట్రోలుకూ 95 అని పేరు పెట్టి అమ్మే పెట్రోలుకూ మధ్య నాకింగ్‌ను తట్టుకునే శక్తిలో ఒకప్పుడున్నంత దూరం ఇప్పుడు లేదు.

అయినా ట్యూన్ చేసిన కారుకు సాధారణ పెట్రోలునే పోయమని నేను చెప్పను. డిస్పెన్సర్ మీద 95 అని రాసి అమ్మినప్పుడు ఆ సంఖ్యకు అమ్మకందారు బాధ్యుడు. సాధారణ పెట్రోలు విషయంలో అటువంటి మాట బంకు మీద కనిపించదు. మ్యాప్ చివరి అంచు వరకు వాడే ఇంజిన్‌కు సగటు నాణ్యత కన్నా, ఎప్పుడూ దిగజారని కనీస నాణ్యత అవసరం. మార్పులు చేయని కారు యజమాని మాత్రం ఈ ప్రకటన తర్వాత 95 కోసం అదనంగా ఖర్చు పెట్టవలసిన అవసరం చాలావరకు తగ్గిందని నా అభిప్రాయం.

ఎథనాల్ తెచ్చే ఇంకో చిక్కు ట్యూనర్లకు బాగా తెలుసు, యజమానులకు అంతగా తెలియదు. ఎథనాల్ లేని పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి సుమారు 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఈ20 ఎక్కువ పోయాలి. మామూలు నడకలో లాంబ్డా సెన్సార్ (ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచేది) ఈ తేడాను సర్దేస్తుంది. కానీ బూస్ట్ పెంచిన మ్యాప్‌లో, అధిక వేగంలో, అధిక పీడన పంపూ ఇంజెక్టర్లూ అప్పటికే తమ పరిమితికి దగ్గరగా ఉంటే ఈ అదనపు భారం వాటికి మోయలేనిది కావచ్చు. పంపు పీడనం పడిపోతే మిశ్రమం పలచనవుతుంది. పూర్తి బూస్ట్‌లో పలచని మిశ్రమం నాకింగ్ కన్నా త్వరగా ఇంజిన్‌ను దెబ్బతీయగలదు. ఎథనాల్ తక్కువగా ఉన్న రోజుల్లో రాసిన పాత మ్యాప్ మీ కారులో ఇంకా ఉంటే, దాన్ని ఒకసారి మళ్లీ లాగ్ చేయించడం, అంటే నడుస్తున్న ఇంజిన్ రీడింగులను నమోదు చేయించడం, మంచిది.

100 ఆక్టేన్ పెట్రోలును చాలామంది అందులో ఎథనాల్ ఉండదన్న నమ్మకంతో కొంటారు. నమ్మకం మీద ఆధారపడవలసిన పని లేదు, సొంతంగానే తేల్చుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీలో 10 వరకు నీళ్లు, దాని మీద 100 వరకు పెట్రోలు పోసి, మూసి, కలిపి, కాసేపు కదపకుండా ఉంచితే ఎథనాల్ నీటిలోకి దిగుతుంది. ఎథనాల్ లేకపోతే కింది పొర 10 దగ్గరే ఉంటుంది. ఈ20 అయితే 28 దగ్గరికి పెరుగుతుంది. ఈ పని ఆరుబయట, మంటకూ స్విచ్చులకూ దూరంగా చేయాలి.

ఎవరికి ఏది

స్టేజ్ 1, అంటే విడిభాగాలేవీ మార్చకుండా ఈసీయూ మ్యాప్ మాత్రమే మార్చిన కారు, రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకో, ఎల్బీనగర్ నుంచి సికింద్రాబాద్‌కో వెళ్లివచ్చే కారు అయితే 95 మ్యాప్, 95 పెట్రోలు సరైన జత. 1.0 టీఎస్ఐలో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండరులో మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) 10.5. టర్బో ఇంజిన్‌కు ఇది ఎక్కువే. అలాంటి ఇంజిన్‌లో 91 కోసం రాసిన మ్యాప్ నుంచి వచ్చే లాభం అంతంత మాత్రం. 95 దగ్గర ఆ ఇంజిన్ సుఖంగా ఊపిరి తీసుకుంటుంది. 95 మ్యాప్ ఉన్నవారు ఏప్రిల్, మే నెలల్లో వీలైనప్పుడు 97 పోయించుకోవడం నాకు సమంజసంగా తోస్తుంది. ఆ రెండు సంఖ్యల తేడా వేసవి వేడికి పోయే భద్రతను చాలావరకు తిరిగి ఇస్తుంది, ధర కూడా 100 అంత మోతగా ఉండదు.

97 లేదా 99 కోసమే రాసిన మ్యాప్‌ను, ఇంటర్‌కూలర్, డౌన్‌పైప్ (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ గొట్టం) మార్చిన స్టేజ్ 2 కార్లకు, అదీ ఆ పెట్రోలు అమ్మే బంకు రోజువారీ దారిలో ఉన్నవారికే సూచిస్తాను. ఆ కారుకు తక్కువ ఆక్టేన్ మ్యాప్‌కు మారే సదుపాయం ఉండి తీరాలి. కొన్ని ట్యూనింగ్ కంపెనీలు క్రూజ్ కంట్రోల్ బటన్లతోనో ఫోన్ ద్వారానో రెండు మూడు మ్యాప్‌ల మధ్య మారే వీలు ఇస్తాయి. స్టేజ్ 2 కారుకు ఇది విలాసం కాదు.

100 విషయంలో నా మొగ్గు స్పష్టంగా వద్దనే వైపు ఉంది. ఖర్చు చూడండి. నెలకు 1,000 కిలోమీటర్లు, లీటరుకు 11 కిలోమీటర్లు అనుకుంటే నెలకు దాదాపు 90 లీటర్లు పడుతుంది. సాధారణ పెట్రోలు కన్నా 95కు లీటరుకు 8 రూపాయలు ఎక్కువ అనుకుంటే అదనపు ఖర్చు నెలకు 720 రూపాయలు. 100కు తేడా 60 రూపాయలు అనుకుంటే అదే 5,400 అవుతుంది, ఏడాదికి 65,000కు చేరుతుంది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, అది ధర మీద శాతంగా పడుతుంది కనుక ఖరీదైన పెట్రోలు మీద పన్ను కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఆ 65,000లో పెద్ద భాగాన్ని ఇంటర్‌కూలర్ మీద పెడితే, దాని ప్రయోజనం బంకుతో సంబంధం లేకుండా ప్రతి రోజూ దక్కుతుంది. ట్రాక్ మీద రోజంతా నడపడానికో, డ్రాగ్ పోటీకో, పెద్ద టర్బో వేసిన కారుకో 100 న్యాయమైన ఎంపిక. అటువంటి కారు సాధారణంగా ఇంట్లో రెండో కారే అవుతుంది.

రెండు రకాలు కలిపి పోయించుకునేవారూ ఉన్నారు. తప్పేమీ లేదు, లెక్క కూడా సులభం. 45 లీటర్ల ట్యాంకులో 15 లీటర్లు 95 ఉండగా 30 లీటర్లు 100 పోస్తే సగటు 98 దాటుతుంది. ఎథనాల్ శాతాలు వేర్వేరుగా ఉన్నప్పుడు ఈ సగటు కచ్చితంగా ఉండదు, అయితే మ్యాప్ ఎంపికకు సరిపోయేంత దగ్గరగా ఉంటుంది.

ఆక్టేన్ బూస్టర్ సీసాల గురించి తక్కువ మాటల్లో చెప్పవచ్చు: కొనకండి. సీసా మీద రాసే ‘పాయింట్లు’ చాలాసార్లు సంఖ్యలో పదో వంతులు. 30 పాయింట్లు అంటే 95 కాస్తా 98 అవుతుందని, 125 అవుతుందని కాదు. వాటిలో కొన్నింటిలో ఉండే ఫెరోసీన్ స్పార్క్ ప్లగ్‌ల మీద ఇనుప తుప్పు రంగు పొరను వదులుతుంది, ఆ పొర గుండా విద్యుత్తు లీకై ప్లగ్ మిస్ అవుతుంది. ఎంఎంటీ అనే మాంగనీస్ సమ్మేళనం ఆక్సిజన్ సెన్సార్ మీద, క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుంటుంది.

ఆక్టేన్‌తో తీరని నాకింగ్

ఐదో గేరులో 1,500 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఫ్లైఓవర్ ఎక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది, అలా నడిపితే మైలేజీ వస్తుందన్న నమ్మకంతో. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో ఇది తక్కువ వేగపు ప్రీ-ఇగ్నిషన్‌కు దారితీస్తుంది. ఇక్కడ స్పార్క్ పడకముందే, సిలిండరులో చేరిన ఇంజిన్ ఆయిల్ తుంపరల వల్లనో రాలిన కార్బన్ ముక్క వల్లనో మిశ్రమం అంటుకుంటుంది. ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి జరిపినా లాభం లేదు, ఎందుకంటే అంటించింది స్పార్క్ కాదు. ఎక్కువ ఆక్టేన్ కూడా దీన్ని నమ్మకంగా ఆపలేదు. ఒక్క దెబ్బతో పిస్టన్ విరిగే ప్రమాదం సాధారణ నాకింగ్ కన్నా దీనిలోనే ఎక్కువ. దీనికి మందు గేరు తగ్గించడం, 2,000 చుట్ల లోపు పూర్తి బూస్ట్ అడగని మ్యాప్, ఏపీఐ ఎస్పీ ప్రమాణం ఉన్న ఇంజిన్ ఆయిల్. తయారీదారు సొంత ప్రమాణం అడిగితే దానికీ సరిపోయే ఆయిల్ ఎంచుకోవాలి. కింది వేగాల్లోనే విపరీతమైన టార్క్ చూపించే మ్యాప్ డైనో కాగితం మీద ఎంత అందంగా ఉన్నా నేను సిఫారసు చేయను.

స్పార్క్ ప్లగ్‌లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. బూస్ట్ పెంచిన ఇంజిన్‌కు వేడిని త్వరగా వదిలే, ఒక మెట్టు చల్లని ప్లగ్‌లను, కాస్త తగ్గించిన గ్యాప్‌తో వేయమని చాలామంది ట్యూనర్లు చెబుతారు. పెట్రోలు మీద ఏడాదికి వేలు ఖర్చుపెట్టి, పాత ప్లగ్‌లతోనే నడిపే యజమానులు తక్కువేమీ లేరు.

మీ ఎంపిక సరైనదో కాదో ఎలా తెలుస్తుంది

పెట్రోలు మార్చాక ‘పికప్ పెరిగింది’ అన్న అనుభూతిని లెక్కలోకి తీసుకోవద్దు. ఓబీడీ పోర్టుకు (ఇంజిన్ సమాచారం చదవడానికి కారులో ఉండే సాకెట్‌కు) పెట్టే రీడరుతో, కారు అనుమతిస్తే, ప్రతి సిలిండరులో ఇగ్నిషన్ ఎన్ని డిగ్రీలు వెనక్కి జరుగుతోందో, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత ఎంతో, లాంబ్డా, ఫ్యూయల్ రైలు పీడనం ఎలా ఉన్నాయో నమోదు చేయవచ్చు. దీన్ని డైనో మీద చేయించడం ఉత్తమం. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి గంటకు 120 కిలోమీటర్లు అయినంత మాత్రాన అది పరీక్షా మైదానం కాదు. ఒక సిలిండరులో అప్పుడప్పుడు ఒకటి రెండు డిగ్రీల సవరణ కనిపించడం సహజం. అన్ని సిలిండర్లలో, ప్రతిసారీ, బూస్ట్ పెరిగేకొద్దీ సవరణ పెరుగుతుంటే ఆ మ్యాప్‌కు ఆ పెట్రోలు చాలడం లేదని అర్థం. అప్పుడు రెండు దారులు: పెట్రోలు పెంచడం, లేదా మ్యాప్ తగ్గించడం. రెండోదే చవకైనది, శాశ్వతమైనది. లాగ్‌ను ఒకసారి జనవరిలో, ఒకసారి మేలో తీయించుకోమని చెప్తాను. మే లాగ్ ప్రకారమే మ్యాప్ ఖరారు చేయాలి. కొత్త పెట్రోలు పోసిన వెంటనే తీసిన లాగ్‌ను నమ్మవద్దు. ట్యాంకులో పాతది మిగిలి ఉంటుంది, ఈసీయూ తన సవరణలను మార్చుకోవడానికీ కొంత సమయం పడుతుంది.

వారంటీ విషయం దాచకుండా చెప్పాలి. మ్యాప్ మార్చిన కారుకు ఇంజిన్, గేరుబాక్సు వారంటీ నిరాకరించే హక్కు తయారీదారుకు ఉంటుంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు కూడా ఉన్నాయి. మంచి పెట్రోలు వాడడం వీటిలో దేనికీ రక్షణ కాదు.

నగరం దాటినప్పుడు

ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు నెమ్మదిగా అమ్ముడయ్యే బంకులో అది భూగర్భ ట్యాంకులో ఎంతకాలంగా ఉందో చెప్పలేం. కాబట్టి వాహనాల రద్దీ ఉన్న బంకునే ఎంచుకోండి. వర్షాకాలంలో ఇది మరీ ముఖ్యం. ఎథనాల్ కలిసిన పెట్రోలులోకి నీరు మోతాదు మించి చేరితే ఎథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోలు, ఎథనాల్ ఇచ్చిన ఆక్టేన్‌ను కోల్పోతుంది. కుండపోత వానకు బంకు ఆవరణ నీట మునిగిన రోజుల్లో అక్కడ పోయించుకోకపోవడం తెలివైన పని. సందేహం ఉంటే సాంద్రత రీడింగ్ చూపించమని, ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయించమని అడిగే హక్కు వినియోగదారుకు ఉంది.

విజయవాడ, బెంగళూరు హైవేల మీద పెద్ద బంకుల్లో 95 దొరికే అవకాశం బాగానే ఉంటుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక ఆ ఆశ పెట్టుకోకూడదు. ట్యాంకును నగరంలోనే నింపుకొని బయలుదేరాలి. ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ మీద భారం ఎక్కువ, కారు వేగం తక్కువ, ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలీ తక్కువ కాబట్టి, మంచి పెట్రోలు అత్యవసరమయ్యేది అక్కడే. తప్పనిసరై సాధారణ పెట్రోలు పోయించుకోవలసి వస్తే గమ్యం చేరడానికి సరిపడా మాత్రమే పోయించుకొని, మ్యాప్ మార్చే వీలుంటే తక్కువ ఆక్టేన్ మ్యాప్‌కు మారాలి. ఆ వీలు లేకపోతే సగానికి మించి యాక్సిలరేటర్ నొక్కకుండా, గేరు ఒకటి తగ్గించి నడపాలి. నగరానికి తిరిగొచ్చి 95 నింపిన క్షణానే పాత మ్యాప్‌కు మారవద్దు. అడుగున మిగిలిన సాధారణ పెట్రోలు అందులో కలిసే ఉంటుంది కాబట్టి, ఆ ట్యాంకు సగం ఖర్చయ్యాక మళ్లీ ఒకసారి 95తో నింపి, ఆ తర్వాతే మారాలి.